ఆదివారం కేవు

ఏటికి ఇంకా వంతెన పుట్టని రోజులవి. మా తాతకు తాత ఇంకా చొక్కా మొహం చూడని రోజులవి. అప్పుడు ఏటికి ఇవతల మా పల్లె ఉండేది. అవతల మా చర్చి గుడి ఉండేది, సంత ఉండేది. నడుమ ఏరు ఉండేది. ఏటి మీద పుట్టి ఉండేది. పుట్టిలో లూకయ్య ఉండేవాడు.

పుట్టి అంటే మీలో సగంమందికి తెలీదు. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తోలు కుట్టేవాళ్ళు. గుండ్రంగా ఉంటుంది గనక దానికి ముందూ వెనకా ఉండవు. చేతగానివాడు తెడ్డు పట్టుకుంటే ఉన్నచోటే గింగిరాలు తిరుగుతుంది. లూకయ్య పట్టుకుంటే గీత గీసినట్టు అవతలి ఒడ్డుకు పోయేది. ఆ వెదురు అల్లింది మా పల్లెవాళ్ళు. ఆ తోలు కుట్టింది మా పల్లెవాళ్ళు. ఆ తెడ్డు వేసింది మా పల్లెవాడు. కరణం గారైనా, మునసబు గారైనా మా చేతుల మీదుగానే ఏరు దాటాలి. ఇది చెప్పుకోవడానికి నేనేం సిగ్గుపడను.

ఏరు దాటించినందుకు పుట్టివాడికి ఇచ్చేదాన్ని ఆ రోజుల్లో కేవు అనేవాళ్ళు. చిల్లర ఉన్నవాళ్ళు చిల్లర ఇచ్చేవాళ్ళు. లేనివాళ్ళు చారెడు జొన్నలో, నాలుగు వంకాయలో ఇచ్చేవాళ్ళు. ఏమీ లేనివాళ్ళు ఓ నవ్వు నవ్వి దిగిపోయేవాళ్ళు. లూకయ్య దానికీ ఊఁ అనేవాడు.

మొదట్లో రేవులో ఇద్దరుండేవాళ్ళు. ఒక పూట లూకయ్య, ఒక పూట సీలయ్య. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఒకే రోజు ఆ ఏట్లోనే మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. అలాంటిది, ఒక వానాకాలం సాయంత్రం సీలయ్య కల్లు తాగి తెడ్డు పట్టాడు. పుట్టిలో లూకయ్య ఒక్కగానొక్క కొడుకు బెన్యామీను ఉన్నాడు. పెళ్ళీడు పిల్లవాడు. ఏటి నడుమ సుడి దగ్గర పుట్టి బోల్తా కొట్టింది. సీలయ్య పుట్టి అంచు పట్టుకుని బతికాడు. బెన్యామీను బతకలేదు.

ఆ రోజు నుంచి సీలయ్య కల్లు ముట్టలేదు. తెడ్డూ ముట్టలేదు. లూకయ్య మాత్రం ఒకే మాట అన్నాడు. "నా పుట్టిలో వాడు కాలు పెట్టకూడదు." అంతే. ఆ తర్వాత సీలయ్య అవతలికి పోవాలంటే, పొలాల వెంబడి చాలా దూరం నడిచి, పైన రాళ్ళ దగ్గర మోకాటి లోతు నీళ్ళలో దిగి దాటేవాడు. గుడికీ అలాగే పోయేవాడు. పల్లెలో ఎవరూ ఏమీ అనలేదు. ఏమని అంటారు?

ఇద్దరి పని ఒక్కడి మీద పడ్డాక లూకయ్యకు ఆదివారం లేకుండా పోయింది. ఆదివారమే గుడి, ఆదివారమే సంత. తను వెళ్ళి గుడిలో కూర్చుంటే ఇవతల ఒడ్డున పురిటినొప్పుల పిల్లో, జ్వరంతో ఉన్న పసిబిడ్డో ఎండలో నిలబడాలి. అందుకని జనాన్ని అవతల దించి, గుడి గంట వింటూ ఒడ్డునే ఉండిపోయేవాడు.

లూకయ్యకు ఒకే ఒక్క ఆశ ఉండేది. గుడిలో ప్రభువు బల్ల ముందు మోకరించి, ప్రభువు కడపటి విందుకు గుర్తుగా ఇచ్చే ఆ రొట్టె ఒక్కసారి నోట్లో పెట్టుకోవాలి. ఆ గిన్నెలో ద్రాక్షరసం ఒక్క గుక్క తాగాలి. బాప్తిస్మమైతే అయింది గానీ, బల్లలో చేరకముందే కొడుకు పోయాడు, రేవు మెడకు చుట్టుకుంది. బల్ల ఇచ్చే ఆదివారాల్లో గుడి వదిలి వచ్చేవాళ్ళ మొహాల్లోకి లూకయ్య అదేపనిగా చూసేవాడట. పెళ్ళి భోజనం తిని వచ్చేవాళ్ళని ఆకలిగొన్నవాడు చూసినట్టు చూసేవాడని మా నాయనమ్మ చెప్పేది.

సంఘపెద్ద ఇశ్రాయేలును పోయి అడిగాడు. ఇశ్రాయేలు చెడ్డవాడేం కాదు. కాకపోతే కండువా మడత నలగనిచ్చేవాడు కాదు. మాటా అంతే.

"గుడిలో కూర్చోనోడికి బల్లెట్టా ఇస్తామయ్యా?" అన్నాడు ఇశ్రాయేలు. "వాక్యం వినందే ఎదుగుదల ఉండదు. నీళ్ళలో మునిగిన్నాడు ఎంతున్నావో ఇయ్యాళా అంతే ఉన్నావు. ఎదగాల లూకయ్యా, ఎదగాల."

కోతల పండక్కి అడిగాడు. ఎదగాలన్నాడు. క్రిస్మసుకు అడిగాడు. ఎదగాలన్నాడు. ఈస్టరుకు అడిగాడు. అప్పుడూ ఎదగాలన్నాడు.

మూడోసారి విన్నాక లూకయ్య ఒడ్డున కూర్చుని బాగా ఆలోచించాడు. ఆ వచ్చే ఆదివారం గుడి వదిలి జనం రేవుకు వచ్చేసరికి, పుట్టికి అడ్డంగా తెడ్డు పెట్టి నిలబడ్డాడు.

"కేవేదమ్మా? కేవేదయ్యా?"

కొంగుముళ్ళు విప్పి చిల్లర తీశారు. లూకయ్య వద్దన్నాడు.

"ఆదివారం నాకు డబ్బులొద్దు. నేను గుడికి రాలేను గదా, గుడే నాకు తెండి. అయ్యగారు చెప్పిందాంట్లో ఒక్క మాట. పుట్టికొక మాట. చెప్పండి, ఎక్కండి."

గుడిలో వాక్యం చెప్పే పాస్టరు గారిని మేం అయ్యగారనే అంటాం. ఆ అయ్యగారు ఆ రోజు ఏం చెప్పారో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుడిలో కూర్చున్నంతసేపూ ఒకామె పొయ్యి మీది పులుసు గురించి ఆలోచించింది. ఒకాయన సంతలో చూసిన గొర్రెపోతు గురించి ఆలోచించాడు. ఇంకొకాయన ఏమీ ఆలోచించలేదు, నిద్రపోయాడు. మా పల్లెవాళ్ళే, దాచుకోవడం ఎందుకు.

చివరికి ముసలి దీవెనమ్మ నోరు విప్పింది. పల్లెలో సగంమందికి పురుడు పోసిన మనిషి ఆమె.

"కోపం వస్తే పొద్దుగూకే లోపల దించుకోవాలన్నారు నాయనా."

విన్నాడు. ఊఁ అన్నాడు. తెడ్డు వేశాడు.

ఆ రోజుల్లో లూకయ్యకూ భార్య లేయమ్మకూ మాటల్లేవు. మేకను కట్టెయ్యడం లూకయ్య మర్చిపోతే, అది లేయమ్మ పెంచిన తోటకూరంతా మేసింది. దాని మీద మాటా మాటా పెరిగింది. లూకయ్యకు కోపం వస్తే ఇక వారాల తరబడి మౌనమే. ఆ ఆదివారం పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, "పులుసు బాగుంది" అన్నాడు.

లేయమ్మ కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జొరమేం లేదులే," అన్నాడు లూకయ్య. "కేవు ముట్టింది. అందుకని."

అప్పటి నుంచి ఆ ఇంట్లో కోపం దీపం పెట్టే వేళ దాటలేదు. లేయమ్మే ఈ సంగతి పల్లెంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇంకో ఆదివారం వచ్చింది. తెడ్డు అడ్డం పెట్టాడు. "కేవేదమ్మా? కేవేదయ్యా?" ఈసారి కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు పిల్ల ఒకామె చెప్పింది.

"దేవుడి దగ్గర ముందు నిలబడేవాళ్ళూ ఎనక నిలబడేవాళ్ళూ లేరంట మామా. అందరిదీ ఒకటే వరసంట."

విన్నాడు. ఊఁ అన్నాడు. తెడ్డు వేశాడు.

మా రేవులో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. మునసబు గారు ఒడ్డుకు వస్తే పుట్టిలో ఉన్నవాళ్ళంతా దిగిపోవాలి. ఆయన ఒక్కడే కూర్చుని దాటాలి. మర్నాడు మునసబు గారు గొడుగు వేసుకుని వచ్చేసరికి పుట్టిలో కుండలమ్మే ముసలామె కూర్చుని ఉంది.

"దాన్ని దించు," అన్నాడు మునసబు.

"ముందొచ్చింది ఆమె దొరా," అన్నాడు లూకయ్య చేతులు కట్టుకునే. "తమరు వచ్చే పుట్టికి రండి."

"రేవు మాన్పిస్తాను ఏమనుకున్నావో."

"మాన్పించండి దొరా. అప్పుడు తమరే తెడ్డు వేసుకుని దాటాల."

మునసబు పుట్టి వంక చూశాడు. సుడి వంక చూశాడు. తను ఏటి నడుమ గింగిరాలు తిరగడం ఊహించుకున్నాడో ఏమో, గొడుగు కింద అలాగే నిలబడిపోయాడు. ముసలామె కుండలతో సహా దొరసానిలా దాటిపోయింది. చుట్టుపక్కల ఏ రేవులోనూ లేని వరస మా రేవులో ఆ రోజు నుంచి వచ్చింది. ముందొచ్చినవాళ్ళు ముందు. మా గుండె ఇంతైందంటే ఎందుకు కాదు చెప్పండి?

అలా ఆదివారం తర్వాత ఆదివారం గడిచింది. లూకయ్య విన్న మాటను ఆ వారమంతా చేసేవాడు. చేతకాకపోతే వచ్చే వారం కూడా అదే చేసేవాడు. ఒక్కోసారి, "ఈ వారం కొత్త మాట వద్దు, పాతది ఇంకా పూర్తవలేదు" అని ఊరికే ఎక్కించుకునేవాడు. జనానికి కూడా అలవాటు మారింది. రేవులో అడుగుతాడని గుడిలో చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేవాళ్ళు. నిద్రపోయే ఆయన కూడా నిద్ర మానేశాడు. అయ్యగారు పాపం, తన ప్రసంగాలు బాగుపడ్డాయనుకున్నారు.

కానీ ఒక్క మాట మాత్రం ఎవరూ రేవు దాకా తేలేదు. అయ్యగారు ఆ మాట గుడిలో చెప్పినప్పుడల్లా మా వాళ్ళు తలలు వంచుకునేవాళ్ళు. వెనక వరసలో ఒంటరిగా కూర్చున్న సీలయ్య వైపు చూసేవాళ్ళు కాదు. రేవుకు వచ్చాక ఇంకేదో మాట చెప్పి ఎక్కేవాళ్ళు.

మూడో సంగతి ఇప్పుడు చెబుతాను. బాగా వినండి.

ఒక వానాకాలం ఆదివారం జనం గుడిలో ఉండగానే ఏరు పొంగింది. గుడి వదిలి పరుగున వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా, జోరుగా పోతున్నాయి. పైన రాళ్ళ దాటు మునిగిపోయింది. పల్లె చేరాలంటే ఇక పుట్టి తప్ప దారి లేదు.

"కేవేదమ్మా? కేవేదయ్యా?" అన్నాడు లూకయ్య, ఎప్పటిలాగే.

ఆ రోజు అయ్యగారు చెప్పింది ఆ మాటే. అందరూ ఇశ్రాయేలు వైపు చూశారు. ఇశ్రాయేలు గొంతు సవరించుకున్నాడు. కండువా సర్దుకున్నాడు.

"ఇచ్చేవాడు సంతోషంగా ఇవ్వాలన్నారు," అన్నాడు. అది పోయిన నెల చెప్పిన మాట.

లూకయ్య ఊఁ అనబోయాడు. అప్పుడు జనం వెనక నుంచి ఒక మనిషి కదిలి వచ్చాడు. తడిసి ముద్దై, నీళ్ళ అంచున నిలబడ్డాడు. సీలయ్య. ఆ రేవులో అతని కాలు పడి ఏళ్ళయింది.

"పైన దాటు మునిగిపోయింది అన్నా," అన్నాడు సీలయ్య.

లూకయ్య మొహం తిప్పుకున్నాడు. "కేవు లేకుండా ఎవర్నీ ఎక్కించను."

"తెచ్చాను."

సీలయ్యే చెప్పాడు.

"పగవాణ్ణి కూడా ప్రేమించాలన్నారు అయ్యగారు. ఇయ్యాళ చెప్పిన మాట అదొక్కటే. ఇది నా నోటితో చెప్పకూడని మాట. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నా దగ్గర ఇంకో కేవు లేదన్నా."

విన్నాడు. ఊఁ అనలేదు. తెడ్డు వెయ్యలేదు.

జనం వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఇశ్రాయేలు కాలి బొటనవేలితో ఇసుక గీస్తున్నాడు. చివరికి దీవెనమ్మే చెప్పింది.

"నిజమే నాయనా. ఇయ్యాళే కాదు, ఏటా చెప్తానే ఉన్నారు. మేమే నీ దాకా తేలా."

"ఎందుకు తేలా?"

"నువ్వు చెప్పిందల్లా చేస్తావు గదా. ఇది చెయ్యలేక చచ్చిపోతావేమోనని భయమేసింది."

లూకయ్య తెడ్డు కింద పడేసి ఒడ్డున చతికిలబడ్డాడు. కోపం పొంగుకొచ్చింది. ఆ కోపం సీలయ్య మీద కాదు, మా వాళ్ళ మీద.

"పళ్ళు లేనోడికి ఏరి పెట్టినట్టు మెత్తటి మాటలు ఏరి పెట్టారా నాకు?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నాకు వాడి మీద ప్రేమ లేదు పిన్నీ. అబద్ధం ఎందుకు చెప్పాల. వాణ్ణి చూస్తే నా బిడ్డే కళ్ళలో మెదులుతాడు," అన్నాడు.

"ప్రేమ వచ్చినాక ఎక్కించుకుంటావో, ఎక్కించుకున్నాక వస్తదేమో చూస్తావో, నీ ఇష్టం నాయనా," అంది దీవెనమ్మ.

నీళ్ళు ఇంకా పైకి వచ్చాయి. పల్లె వైపు ఒడ్డున లేయమ్మ నెత్తిన గోనెపట్టా వేసుకుని నిలబడి ఇటే చూస్తోంది. లూకయ్య లేచాడు. తెడ్డు తీసుకున్నాడు.

"ఎక్కు. ఒక్కడివే," అన్నాడు.

పుట్టి కదిలింది. ఒడ్డున ఉన్నవాళ్ళు నీళ్ళ అంచు దాకా వచ్చి చూశారు. లూకయ్య సీలయ్యను ఏట్లో తోసేస్తాడేమోనని కొందరనుకున్నారు కూడా. సరిగ్గా సుడి దగ్గరికి పోయేసరికి పుట్టి నిలిచింది. ఆ తర్వాత మెల్లగా గింగిరాలు తిరగడం మొదలుపెట్టింది. లూకయ్య చేతిలో పుట్టి అలా తిరగడం మా పల్లెవాళ్ళు ఎన్నడూ చూడలేదు.

లోపల ఏం జరిగిందో సీలయ్య తర్వాత చెప్పాడు. బెన్యామీను మునిగిన చోటు చూడగానే లూకయ్య చేతులు పడిపోయాయట. తెడ్డు లేవలేదట. అప్పుడు ఆ తెడ్డు సీలయ్య ఒళ్ళో పెట్టాడు.

"నువ్వెయ్యి. నా చేతులు ఆడటంలా."

"నేనా అన్నా? ఇక్కడా?"

"ఇక్కడే. నా బిడ్డను ఇక్కడ ముంచింది నువ్వు. నన్ను ఇక్కడ దాటించాల్సింది కూడా నువ్వే."

సీలయ్య ఏడుస్తూనే తెడ్డు అందుకున్నాడు. చేతులు పని మర్చిపోలేదు. సుడి పక్కగా పుట్టిని లాగాడు. వరదకు ఎదురు నిలబడి వేశాడు. ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. ఇద్దరూ దిగి ఇసుకలో కూలబడి, పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. కొడుకు పోయిన నాడు కూడా లూకయ్య అలా ఏడవలేదు.

లేయమ్మ వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆమె బిడ్డ కూడా ఆ ఏట్లోనే పోయాడు, మర్చిపోకండి. సీలయ్య తలెత్తలేకపోయాడు. లేయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"తడిసిపోయారు. ఇంటికి రండి, అన్నం తిందురుగాని," అంది. ఇద్దరినీ కలిపే అంది.

అవతల ఒడ్డున పల్లె పల్లెంతా ఇంకా వానలో నిలబడే ఉంది. వాళ్ళ సంగతి ఈ ముగ్గురూ మర్చిపోయారు. ముందుగా గుర్తొచ్చింది సీలయ్యకే. లేచి పుట్టి తిప్పుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం ముసలీ ముతకనీ పిల్లల్నీ, అందరినీ క్షేమంగా ఇవతలికి చేర్చింది సీలయ్యే. చివరి పుట్టిలో ఇశ్రాయేలు వచ్చాడు. కండువా నలిగిపోయి ఉంది.

ఆ తర్వాతి ఆదివారం తెల్లవారేసరికి సీలయ్య రేవులో నిలబడి ఉన్నాడు. తెడ్డు కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు గుడికి పో అన్నా. రేవు నేను చూసుకుంటా."

లూకయ్య తన పుట్టిలో తనే మొదటిసారి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన లేయమ్మ కూర్చుంది. అది బల్ల ఇచ్చే ఆదివారం. గుడి నిండుగా ఉంది. లూకయ్య చివరి వరసలో, సీలయ్య కూర్చునే చోట కూర్చున్నాడు. బల్ల సమయం కాగానే ఇశ్రాయేలు లేచాడు. ఏమంటాడోనని అందరూ అటు తిరిగారు.

"అయ్యగారూ," అన్నాడు ఇశ్రాయేలు. "ఈయన్ని ఎదగలేదని మూడుసార్లు తిప్పి పంపాను. మేం ఇక్కడ కూర్చుని విన్నాం. ఈయన అక్కడ నిలబడి చేశాడు. కష్టమైన మాట వస్తే నేను దాచిపెట్టి, పాత మాట ఒకటి చేతిలో పెట్టాను. ఎదగంది నేను. ఈయన ముందు బల్లకు పోతేనే ఈయన వెనక నేను పోతాను."

అయ్యగారు బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి లూకయ్య చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. లూకయ్య మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు. గిన్నె తీసుకున్నాడు. అప్పుడు ఏడ్చాడని కొందరంటారు. నవ్వాడని కొందరంటారు. మా నాయనమ్మ మాత్రం, ఊఁ అన్నాడని చెప్పేది.

అప్పటి నుంచి ఒక ఆదివారం లూకయ్య గుడిలో ఉంటే, ఒక ఆదివారం సీలయ్య ఉండేవాడు. గుడికి పోయినవాడు రేవులో ఉన్నవాడికి మాట తెచ్చేవాడు. కష్టమైనదే ఏరి తెచ్చేవాడు.

లూకయ్య ముసలివాడై పోయాడు. శవాన్ని అవతలికి దాటించింది సీలయ్యే. అప్పటికి అతనూ ముసలివాడే. చెయ్యి అందించబోయినవాళ్ళని వద్దన్నాడు. ఆ రోజు మునసబు గారు కూడా రేవుకు వచ్చి, పల్లెవాళ్ళ వెనక, వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడి ఏరు దాటాడు. అవతల గుడి పక్కన లూకయ్య సమాధి ఇప్పటికీ ఉంది. ఈస్టరు తెల్లవారుజామున మొదటి కొవ్వొత్తి దాని మీదే పెడతాం.

ఇప్పుడు వంతెన వచ్చింది. పుట్టి లేదు, తెడ్డు లేదు. కేవు మాత్రం ఉంది. ఆదివారం గుడి నుంచి ఇంటికి రాగానే గడప దగ్గర తల్లి అడ్డంగా నిలబడుతుంది. "కేవేది?" అంటుంది. గుడిలో విన్న మాట ఒకటి చెప్తేనే లోపలికి, కంచం ముందుకు. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు వచ్చినా అంతే. మా పల్లె ఆడపిల్లలు ఎక్కడికి కాపరానికి పోతే అక్కడ ఈ అలవాటు పెట్టారు. ఎవరి గడపలోనైనా ఆ మాట వినపడితే, ఆ ఇల్లాలు మా పల్లె పిల్ల అని మేం చెప్పేస్తాం.

పిల్లలు గడుగ్గాయిలు. తేలికైన మాట ఒకటి పట్టుకొచ్చి గబుక్కున గడప దాటబోతారు. తల్లి కదలదు.

"అది సరేలే. నాకు తేకుండా అక్కడే వదిలేసొచ్చావే, అది చెప్పు," అంటుంది.